విచారణ (చర్చి పరిధి) రోగుల సేవా సంఘం: 2025 వార్షిక నివేదిక

పూజ్య విచారణ గురువులకు, సిస్టర్లకు, అధ్యక్షులవారికి, సభ్యులందరికీ క్రీస్తు ప్రభువు నామమున వందనాలు.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. ఈ ఏడాది 19 మందిని చివరి రోజుల్లో చూసుకున్నాం. కొందరిని వాళ్ల ఇళ్లలోనే, ఎవరూ లేనివాళ్లను మన చర్చి గుడి వెనక షెడ్డులో. వాళ్లలో 14 మంది కన్నుమూసేటప్పుడు మనవాళ్లు పక్కనే ఉన్నారు. అయిదుగురు రాత్రిపూట ఒంటరిగా పోయారు. ఆ అయిదుగురి గురించి తర్వాత చెప్తాను.

ముందు మనందరం గర్వపడాల్సిన రోజు సంగతి. ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినం ఫిబ్రవరి 11న. కానీ మన విజయవాడలో ఆ రోజు ఎవరు దొరుకుతారు? గుణదల మేరీమాత తిరునాళ్లకి గురువులూ వాలంటీర్లూ అక్కడే ఉంటారు. అందుకని ఫిబ్రవరి 2 ఆదివారమే పెట్టుకుందామన్నారు ఫాదర్‌గారు. అది కొవ్వొత్తులు ఆశీర్వదించే పండుగ. ముసలి సిమియోను బాలయేసును చేతుల్లోకి తీసుకుని, ఇక నన్ను ప్రశాంతంగా పోనివ్వు ప్రభువా అని అడిగిన సువార్త చదివే రోజు. మంచం పట్టిన 12 మందిని ఆటోల్లో, ఇద్దరిని మంచంతో సహా ట్రాలీ ఆటోలో తెచ్చాం. ఫాదర్‌గారు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి నుదుటికీ అరచేతులకీ తైలం పూశారు. పక్షవాతం వచ్చిన ఒక తాత ఎడంచేత్తో కొవ్వొత్తి పట్టుకున్నాడు. మైనం వేళ్ల మీద కారుతోందని మనవరాలు తీసుకోబోతే తల అడ్డంగా ఊపాడు, ఇవ్వలేదు. ఆ కొవ్వొత్తులన్నీ పేర్లు రాసి దాచాం. ఎవరికి చివరి ఘడియ వస్తే వాళ్లది తల దగ్గర వెలిగించాం. తాతది జూన్‌లో వెలిగింది.

ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ గారు ప్రభువునందు నిద్రించారు. 2016లో మన మదర్ తెరెసాని పునీతురాలిగా ప్రకటించింది ఆయనే. ఆ వారమంతా షెడ్డులో రోగులతో కలిసి ఆయన కోసం జపమాల చెప్పుకున్నాం.

ఆగస్టులో రైల్వే స్టేషన్ బయట నుంచి ఒక పెద్దావిడను తెచ్చాం. యాసను బట్టి శ్రీకాకుళం వైపు అనుకున్నాం. ఊరి పేరు చెప్పలేకపోయింది, "గోవిందా, గోవిందా" అనుకుంటూ ఉండేది. ఆఖరి రోజు తెల్లవారుజామున మన యువత అబ్బాయి ఒకడు వెళ్లి, హిందూ గుడి తలుపులు తీసేదాకా ఆగి, తులసి తీర్థం తెచ్చాడు. చెంచాతో పోస్తే సగం బుగ్గ మీదికి కారింది, సగం మింగింది. అరగంటకి పోయింది. ఇది మన సంఘం పనేనా అని కొందరు సభ్యులు అడిగారు. 1952లో మదర్ కోల్‌కతా కాళీఘాట్‌లో, దిక్కులేక చనిపోయేవాళ్ల కోసం నిర్మల్ హృదయ్ అనే ఆశ్రమం తెరిచారు. అక్కడ హిందువులకి నోట్లో గంగాజలం పోసేవారు, ముస్లింలకి ఖురాన్ చదివేవారు, కతోలికులకి అభ్యంగనం (రోగులకి తైలం పూసే సంస్కారం) ఇచ్చేవారు. మనదీ అదే దారి.

ఆవిడ దహనానికి కాగితాల కోసం రెండు రోజులు తిరిగాం. ఆధార్ ఏదన్నారు. ప్లాట్‌ఫాం మీద బతికిన మనిషికి ఆధార్ ఎక్కడిది? ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పంపింది, అక్కడ సార్ మీటింగ్‌లో ఉన్నారు. శవం ఎదురు చూస్తుంటే మన టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి? సమాధుల స్థలం చాలడం లేదని ఇచ్చిన అర్జీకీ జవాబు రాలేదు.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు, ఆడిట్ అయింది. డైపర్లకీ ఎయిర్ బెడ్లకీ ఎక్కువైందని మాత్రం చెప్తాను.

ఇక ఆ అయిదుగురు. రాత్రి డ్యూటీ పట్టికలో 28 పేర్లున్నాయి. వచ్చేది ఏడుగురు. సెప్టెంబరు 5న మదర్ పండుగకి ఫొటోలో నిలబడటానికి చోటు చాలలేదు. అదే వారం గురువారం రాత్రి షెడ్డులో ఎవరూ లేరు. పొద్దున సిస్టర్ వెళ్లేసరికి మూడో మంచం ఆయన చల్లబడిపోయి ఉన్నాడు, చెయ్యి మంచం బయటికి చాపి. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ రాయకపోతే తప్పు. చేయాల్సింది పెద్ద పని కాదు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, దూదితో పెదాలు తడపాలి, పక్కన కూర్చోవాలి. నర్సింగ్ రానక్కర్లేదు.

వారం వారం వచ్చి డ్రెస్సింగ్ చేసే సిస్టర్లకు, కిరాయి తీసుకోని ఆటో తమ్ముళ్లకు, రోజూ గంజి కాచి పంపే మూడు వీధుల అక్కలకు, పాత చీరలు ఉతికి ఇచ్చే మరియదళం వారికి, గాయక బృందానికి, అడగకుండానే ఫ్యాన్లు బాగుచేసిన ఎలక్ట్రీషియన్ అన్నకు, ఆ ఏడుగురికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. పేరు మర్చిపోతే క్షమించాలి.

రాత్రి డ్యూటీ పుస్తకం గుడి తలుపు పక్క బల్ల మీద పెట్టాం. మంగళ, గురువారాలు ఖాళీగా ఉన్నాయి. వెళ్లేటప్పుడు పేరు, ఫోన్ నంబరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి