న్యుర్గుయానాకి, చురప్చా నుంచి

చిట్టితల్లీ,

యాకూత్స్క్‌లో మైనస్ 45 అంటున్నారు. అయాల్‌కి రెండు మఫ్లర్లు పెట్టు. ఊపిరి తడికి ముక్కు దగ్గర బిగుసుకుపోతుంది. బడికి చేరగానే పొడిది మార్చుకోవాలి.

పిన్ని ఫోన్ చేసింది. అయాల్ తనతో ఒక్క ముక్క కూడా మన సఖా భాషలో మాట్లాడలేదట. పోనీలే, సిగ్గుపడి ఉంటాడు.

మీగడ పంపాను. బాగా చల్లబడ్డాక ఇతిక్, అదే మన చిలికే కవ్వం, కాడని అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పు. నురగ నిలబడగానే ఆపెయ్. మీగడ వెచ్చగా ఉన్నా, ఇంకాస్త తిప్పినా వెన్న విడిపోతుంది, నురగమీగడ క్యుయెర్చెఖ్ రాదు. వాడినీ తిప్పనివ్వు, తిప్పుతూ మాట్లాడించు. నీళ్లు ఊ, మాంసం ఎత్. రొట్టెని కిలియెప్ అంటే రష్యన్ మాట అని దిద్దకు. అది మన నోట్లో నలిగి మనదైపోయింది.

దిద్దాల్సింది దీర్ఘాలు. అత్ అంటే గుర్రం, ఆత్ అంటే పేరు. తస్ బయట, తాస్ రాయి. రష్యన్‌కి అలవాటుపడ్డ నోరు ఊనిక ఉన్నచోటే సాగదీసి, మిగతాది తుంచేస్తుంది.

మన భాషకి లిపి చేసిన సెమ్యోన్ నొవ్‌గొరొదొవ్ సంగతి వాడికి చెప్పావా? మన చురప్చా వైపే పుట్టాడు, 1892లో. పీటర్స్‌బర్గ్‌లో చదువుకుంటూ, మన ధ్వనులకి రష్యన్ అక్షరాలు చాలవని అంతర్జాతీయ ధ్వని లిపి నుంచి అక్షరాలు తీసుకున్నాడు. పెద్దక్షరాలు లేవు. దీర్ఘానికి అక్షరం పక్కన రెండు చుక్కలు. 1917లో వాచకం అచ్చయింది. 1924లో లెనిన్‌గ్రాడ్‌లో పోయాడు, 32 ఏళ్లకే. తరవాత 1929లో వేరే లాటిన్ లిపి, 1939లో రష్యన్ వాళ్ల సిరిలిక్ లిపి వచ్చాయి. ఇప్పుడు దీర్ఘానికి అదే అక్షరం రెండుసార్లు రాస్తాం. చదివేటప్పుడు ఆ రెండో అక్షరం మీద వాడి వేలు పెట్టించు.

బహువచనానికి 16 రూపాలున్నాయి, బట్టీ పట్టించకు. చివరి అచ్చుని బట్టి నాలుగు, చివరి ధ్వనిని బట్టి నాలుగు. పిల్లలు ఒఘొలొర్, గుర్రాలు అత్తర్, పశువుల కొట్టాలు ఖొతొన్నొర్, ఎలుగుబంట్లు ఎహెలెర్. అన్నిటికీ 'లర్' తగిలిస్తుంటే మన మాట చెవిన పడటం తగ్గిందని అర్థం. అప్పుడు తప్పు వాడిది కాదు తల్లీ, నిన్ను అనడం లేదు గానీ, ఇంట్లో మీ ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటున్నారు? అలసిపోయి వస్తారు, నాకు తెలుసు. కనీసం రాత్రి భోజనం దగ్గరైనా.

ఎహె అంటే తాత కూడా కదా. తాత వాడి ఫోన్ కోసం చూస్తున్నారు. ఫిబ్రవరి 13, మన భాషా లిపి దినం నాడు చేయించు. మధ్యలో నువ్వు అందించకు, ఎంతసేపు తడుముకున్నా తాత వింటారు.

చేతి తొడుగులు మీగడ డబ్బా కిందే ఉన్నాయి.

అమ్మ