బీడీ సంగతి ఎవరూ అడగరేం?

సంపాదకులకు,

మా తమ్ముడు హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడబట్టి ఎనిమిదేళ్లయింది. మందులకు ఏఆర్‌టీ సెంటర్‌కు పోయే రోజు బండి మీద తీసుకుపోయేది నేనే. అక్కడివాళ్లు మంచివాళ్లే. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు, బరువు చూస్తారు, దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడుగుతారు. బీడీ తాగుతావా అని మాత్రం ఒక్కరూ అడగగా నేను వినలేదు. చొక్కా జేబులో బీడీ కట్ట ఎదురుగా కనబడుతూనే ఉంటుంది!

రాత్రి తొమ్మిదికి ఫోన్‌లో అలారం మోగగానే మాత్ర వేసుకుంటాడు, ఒక్క రోజూ తప్పడు. వెంటనే అరుగు మీద కూర్చుని బీడీ ముట్టిస్తాడు. కోప్పడితే, "వైరల్ లోడ్ కనబడలేదన్నారు కదన్నా, ఇంక దీంతో ఏమవుతాది?" అంటాడు. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంతుందనే లెక్క.

ఏమవుతుందో డెన్మార్క్ పరిశోధకులు 2013లోనే లెక్కగట్టారు. అక్కడ మందులు వాడుతున్న 35 ఏళ్ల మనిషికి హెచ్‌ఐవీ వల్ల తగ్గే ఆయుష్షు సుమారు 5 ఏళ్లయితే, పొగ వల్ల తగ్గేది 12 ఏళ్లు. మన దగ్గర టీబీ భయం అదనం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అది ఎలాగూ త్వరగా అంటుకుంటుంది, పొగ ఆ ముప్పును ఇంకా పెంచుతుంది. ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా మందులిచ్చి నిలబెట్టిన ప్రాణాలివి. బీడీకి వదిలేస్తామా?

పొగాకు మాన్పించే కౌన్సెలింగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేరే గదిలో ఉంటుంది. "అక్కడికి పో" అంటే మా వాడు పోడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే ఏం చెప్పాలి? బంధువులెవరైనా చూస్తే? ఆ టెన్షన్‌కు బయటికొచ్చి ఇంకో బీడీ కాలుస్తాడు. అందుకే ఆ మాట ఏఆర్‌టీ కౌన్సిలర్ బల్ల దగ్గరే, మాత్రలు లెక్కపెట్టేటప్పుడే జరగాలి. వచ్చిన ప్రతిసారీ అడిగి పుస్తకంలో రాయాలి. నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది గానీ హమాలీ కూలితో రోజూ కొనలేడు. దాన్ని కూడా మాత్రల డబ్బాతో పాటే ఉచితంగా ఇవ్వాలి.

పొగ మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. అది అచ్చయ్యేది సిగరెట్ పెట్టెల మీద, బీడీ కట్టల మీదే. మా వాడు ఆ కాగితాన్ని కట్ట విప్పగానే చించి పారేస్తాడు. సెంటర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తే పెయింట్ ఖర్చు తప్ప ఏముంది?

నా పేరు వేయకండి. మా వీధిలో అందరూ పేపరు చదువుతారు.

— ఓ పాఠకుడు, అనంతపురం