గిలి దీవుల నుంచి వచ్చేశాం

అందరికీ నమస్తే. నిన్న రాత్రి బెజవాడ దిగాం. ఫోటోలు సాయంత్రం పెడతాను. సంక్రాంతి సెలవులకి వెళ్దామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి.

ఇండోనేషియాలో లాంబోక్ అనే పెద్ద దీవి పక్కన మూడు బుల్లి దీవులు: ట్రావంగన్, మెనో, ఎయిర్. ససాక్ భాషలో గిలి అంటేనే చిన్న దీవి అట. కార్లు, పెట్రోలు బైకులు ఉండవు. సైకిల్, కాళ్లు, లేదంటే చిడోమో అనే గుర్రబ్బండి. మిట్టమధ్యాహ్నం ఆ గుర్రాల అవస్థ చూసి మాకు ఎక్కబుద్ధి కాలేదు, బ్యాగులు వీపున వేసుకుని నడిచాం. పెద్దదైన ట్రావంగన్ చుట్టుకొలతే దాదాపు 7 కిలోమీటర్లు. ఎటైనా నడకే కాబట్టి చక్రాల సూట్‌కేసు వద్దు బాబూ, ఇసుకలో కూరుకుపోతుంది. ఉత్తరం వైపు సైకిల్ కూడా దిగి తోసుకోవాల్సిందే.

బెంజ్ సర్కిల్ హారన్లకి అలవాటుపడ్డ ప్రాణం కదా, మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి నిద్రే పట్టలేదు!

లాంబోక్ నుంచి ఈ దీవులకి పడవ ఎక్కేది బంగ్సల్ రేవులో. అక్కడ మామూలు పడవ మనుషులు నిండాకే కదులుతుంది, మన షేర్ ఆటోలాగే. తొందరపడి లాభం లేదు.

శాకాహారులు జాగ్రత్త. సంబల్ పచ్చడిలో తెరాసి అని రొయ్యల ముద్ద కలుపుతారు. మా వదిన రెండుసార్లు వడ్డించుకున్నాక తెలిసింది. టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), టోఫు బాగుంటాయి. కారం మాత్రం గుంటూరు నాలుకకి ఒక లెక్క కాదు.

సముద్రంలో తాబేళ్లు పక్కనే ఈదుతాయి, ముట్టుకోకండి.

అన్నట్టు, ఎవరిదో నీలం టార్చి నా బ్యాగులో ఉంది. ఎవరిదో చెప్పండి.