పాత బాకీ తేల్చాకే కొత్త క్లబ్బుకు మైదానం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలై మూతపడిన ఆటల క్లబ్బులను మళ్లీ నిలబెట్టాలని ముందుకొచ్చే కుర్రాళ్లకు కొదవ లేదు. చాలా మంచి పని అది. క్లబ్బు మూతపడితే ముందుగా ఆగిపోయేది ఆడపిల్లల ప్రాక్టీసు. సాయంత్రం లైట్లు వేసేవాళ్లు, తోడుగా నిలబడే కోచ్ లేకపోతే ఇంట్లోవాళ్లు పంపరు. మగపిల్లలైతే ఏదో ఒక ఖాళీ స్థలం వెతుక్కుంటారు. అయితే పాత లెక్క తేల్చి క్లబ్బును నిలబెట్టడం వేరు, బోర్డు తిప్పేసి అదే మనుషులు అదే రంగు జెర్సీలతో పేరు ముందు ‘న్యూ’ అనో చివర ‘యునైటెడ్’ అనో తగిలించుకుని రావడం వేరు. రెండో రకం వాళ్లకు మైదానం గానీ, జిల్లా సంఘం గుర్తింపు గానీ ఇవ్వకూడదని మా విన్నపం.

మన క్లబ్బుల్లో చాలావాటిని ముంచేది ఏడాది పొడుగునా అయ్యే ఖర్చు కాదు, సంక్రాంతి టోర్నమెంటు. 24 జట్లతో కబడ్డీ పోటీలు పెట్టారనుకుందాం. జట్టుకు 500 చొప్పున ఎంట్రీ ఫీజు వసూలు చేస్తే వచ్చేది 12,000. నాలుగు బహుమతులు 50, 30, 20, 10 వేలనుకుంటే లక్షా పదివేలు. జట్టుకు ఆటగాళ్లే పన్నెండు మంది, అంటే 288 మంది. పూటకు 80 రూపాయల భోజనం రెండు పూటలా పెడితే మొదటి రోజుకే 46,080. షామియానా, ఫ్లడ్‌లైట్లు, జనరేటరుకు డీజిలు, రిఫరీల దారిఖర్చులు, మైకు వీటికి అదనం. ఈ లోటంతా దాతలే పూడ్చాలి. మన దాతల చేతిలో డబ్బు ఆడేదేమో పంటను బట్టి, ధరను బట్టి. కందుకూరు, కొండపి, కలిగిరి కేంద్రాల్లో పొగాకు వేలం మొదలయ్యేదే సంక్రాంతి దాటాక. తీరంలో రొయ్య కౌంటు ధర పడిపోయినా, చీమకుర్తిలో గ్రానైట్ కొనేవాళ్లు తగ్గినా స్టేజీ మీద ప్రకటించిన విరాళం చేతికి రాదు. ‘వేలం అయ్యాక ఇస్తాం’ అన్న మాట మీద ఫ్లెక్సీల్లో బహుమతి మొత్తం అచ్చు వేయించడమే అసలు తప్పు. టోర్నమెంటుకు పది రోజుల ముందు బ్యాంకులో ఎంత ఉంటే అంత మొత్తమే ఫ్లెక్సీ మీద ఉండాలి.

ఫైనల్ రోజు బహుమతి డబ్బు తక్కువైతే కార్యదర్శి తన పేరు మీదే నూటికి రెండో మూడో రూపాయల వడ్డీకి నోటు రాస్తాడు. దానికి కమిటీ తీర్మానం ఉండదు, మినిట్స్ బుక్కులో ఒక్క ముక్క ఉండదు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. గడువు దగ్గరపడేసరికి అప్పిచ్చినాయన వచ్చి, ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించుకుంటాడు. అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. ఇలా రెండు చెల్లులు పడేసరికి కార్యదర్శి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. క్లబ్బు అప్పు ఒక మనిషి నెత్తిన పడుతుంది, క్లబ్బు సామాను అదే మనిషి ఇంట్లో ఉండిపోతుంది. కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఈ ముడి విప్పాలి.

ఫుట్‌బాల్‌లో అప్పుల్లో మునిగిన క్లబ్బులు మళ్లీ మొదలైన ఉదంతాలు చాలా ఉన్నాయి. ఇటలీలో ఫియొరెంటీనా 2002లో, నాపొలి 2004లో దివాలా తీశాయి. రెండూ కొత్త యాజమాన్యం కింద, వేరే పేర్లతో, కింది డివిజన్లలో మొదలయ్యాయి. పాత పేరు ఒకదానికి 2003లో, రెండోదానికి 2006లో గానీ తిరిగి రాలేదు. నాపొలి 2007కి పై డివిజన్‌కు చేరి, 2023లో లీగ్ గెలిచింది. స్కాట్లాండ్‌లో రేంజర్స్ 2012లో నాలుగో అంచెకు దిగి, మళ్లీ పైకి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఇది కక్ష సాధింపు కాదు. అప్పు ఎగ్గొట్టిన జట్టు మర్నాడే పై అంచెలో ఆడితే, కష్టమో నష్టమో జీతాలు సరిగా ఇచ్చుకున్న జట్టుకు అన్యాయం చేసినట్టే కదా.

మనకు ఎక్కువ పనికొచ్చేది ఇంగ్లండ్‌లోని బరీ అనుభవం. 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన ఆ క్లబ్బును డబ్బు చిక్కుల వల్ల 2019 ఆగస్టులో లీగ్ నుంచి తీసేశారు. అభిమానులు కొత్త క్లబ్బు పెట్టి పదో అంచెలో, అదీ రాడ్‌క్లిఫ్‌లో ఇంకొకరి మైదానంలో ఆడుకోవాల్సి వచ్చింది. పాత పేరు, పాత మైదానం గిగ్ లేన్ ఒక వైపు, ఆడే జట్టు ఇంకో వైపు అయిపోయాయి. రెండు వర్గాలూ కలవాలని పెట్టిన మొదటి ఓటింగ్ వీగిపోయింది. 2023లో గానీ కలవలేదు. పేరు, మైదానం, మనుషులు మూడు చోట్లకు చెదిరితే మళ్లీ ఒక చోటికి చేర్చడం ఎంత కష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మనకు దగ్గర్లోనే ఇంకొకటి ఉంది. 2019లో నష్టాలతో తప్పుకున్న పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్‌లోకి వచ్చింది. 2022లో కప్పు కూడా గెలిచింది. ఆ తర్వాత ఏడాదిన్నర తిరక్కుండానే జీతాల బకాయిల గొడవతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పడింది. ఊరు, పేరు, రంగు మారినా రాబడి దారి మారకపోతే పాత జబ్బే తిరగబెడుతుంది.

ఇక మన దగ్గర పని ఎలా జరగాలి? పాత సొసైటీ బతికే ఉందేమో ముందు రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోవాలి. ఏటా దాఖలు చేయాల్సిన కమిటీ జాబితా కొన్నేళ్లుగా ఇవ్వకపోతే అక్కడి కాగితాల్లో పాత కమిటీయే ఉంటుంది. బ్యాంకు ఆ పేర్లనే చూస్తుంది, కొత్త సంతకాలు తీసుకోదు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. పాత సభ్యులకు బైలా ప్రకారం నోటీసిచ్చి సర్వసభ్య సమావేశం పెట్టి, కొత్త కమిటీని ఎన్నుకుని, ఆగిన జాబితాలన్నీ దాఖలు చేయడమే మంచి దారి. తిరుగుడు ఎక్కువే, కానీ పేరూ గుర్తింపూ నిలుస్తాయి. అది సాధ్యం కాదని తేలాకే కొత్త సొసైటీ సంగతి ఆలోచించాలి. ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేయొచ్చు గానీ, పాతది రద్దు కాకుండా అదే పేరు ఇవ్వరు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కొత్తగా తీసుకోవాలి. పాత సొసైటీని రద్దు చేసినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు, అదే ఆశయం ఉన్న మరో సంఘానికి తీర్మానంతో అప్పగించాలి.

సామాను అప్పగింత నోటిమాటగా జరగకూడదు. స్టాక్ రిజిస్టరు ముందేసుకుని లెక్కపెట్టి, రెండు వైపులా సంతకాలు చేయాలి. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లకు 10 మీటర్లు. అంటే కింద పరిచే మ్యాట్ మీటరు ముక్కలు 130 కావాలి. గోడౌన్ అద్దె బాకీ కింద ఎవరో పది ముక్కలు అట్టిపెట్టుకుంటే మిగతా 120తో పూర్తి కోర్టు పడదు. ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకునే పళ్లు విరిగినా అంతే, కూతకు వెళ్లిన పిల్లవాడి కాలి వేళ్లు ఆ సందులో ఇరుక్కుంటాయి. కాబట్టి ముక్కలు లెక్కపెడితే చాలదు, పరిచి చూడాలి. రోలింగ్ కప్పులు, వాలీబాల్ స్తంభాలు, క్రికెట్ రోలరు ఎవరి దగ్గర ఉన్నాయో కూడా రాసుకోవాలి.

అప్పుల జాబితాలో ప్రతి బాకీకి నాలుగు సంగతులు ఉండాలి: ఎవరికి, దేనికి, కాగితం ఉందా, అది ఎవరి పేరు మీద. తీర్చే వరుసలో బహుమతి డబ్బు రాని ఆటగాళ్లు, జీతం రాని కోచ్, మైదానం చూసే మనిషి ముందుండాలి. తర్వాత స్పోర్ట్స్ షాపు, షామియానా బాకీలు. కమిటీ వాళ్లు తాము పెట్టామని చెప్పే డబ్బు అన్నిటికన్నా చివర. ఒక వరుసలో ఉన్నవాళ్లందరికీ ఒకే నిష్పత్తిలో ఇవ్వాలి. బాకీ మూడు లక్షలుండి చేతిలో లక్షా ఇరవై వేలే ఉంటే రూపాయికి నలభై పైసలు అందరికీ. గట్టిగా అరిచినవాడికి పూర్తిగా ఇచ్చి మిగతావాళ్లకు ఎగనామం పెడితే కొత్త క్లబ్బు మాట ఊళ్లో ఎవరూ నమ్మరు.

పేరు మార్చుకుని బాకీ తప్పించుకోకుండా ఫిఫా తన క్రమశిక్షణ నియమావళిలో ఒక ఏర్పాటు చేసింది. కార్యాలయం, పేరు, జట్టు రంగులు, ఆటగాళ్లు, యజమానులు, ఆడే పోటీ ఇలాంటివి చూసి, కొత్త క్లబ్బు పాతదానికి వారసురాలేనని తేలితే పాత బాకీ దానికీ వర్తిస్తుంది. మనకు అంత పెద్ద చట్టం అక్కర్లేదు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం గానీ, ఒంగోలు మినీ స్టేడియం గానీ, మున్సిపల్, కాలేజీ మైదానాలు గానీ అడిగే ప్రతి కొత్త క్లబ్బు దగ్గరా ఒక పేజీ ప్రకటన తీసుకుంటే చాలు. పాత క్లబ్బుతో సంబంధం ఏమిటి, పాత కమిటీలో ఉన్నవాళ్లు ఎవరున్నారు, బాకీల జాబితా ఏది, ఎప్పట్లోగా తీరుస్తారు అన్నవి అందులో ఉండాలి. డబ్బు వ్యవహారం చూసిన పాత పదవుల వాళ్లు బాకీ తీరేదాకా చెక్కు మీద సంతకం చేసే స్థానంలో ఉండకూడదు. మూతపడిన క్లబ్బు నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మని పిల్లల్ని తిప్పకుండా, జిల్లా సంఘాలే రద్దు తీర్మానం నకలు చూసి వాళ్లను వేరే జట్టుకు ఆడనివ్వాలి. పెద్దల అప్పుకు పిల్లల సీజన్ పోగొట్టడం ఎంతమాత్రం తగదు.

వేసవి శిక్షణ శిబిరాలకు మైదానాలు కేటాయించేలోపే ఈ ఏర్పాటు తేవాలని రెండు జిల్లాల క్రీడాప్రాధికార సంస్థలను, మున్సిపల్ కమిషనర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

– క్రీడా సంఘాల లెక్కలు చూసే కొందరు పాఠకులు,
నెల్లూరు, ఒంగోలు