గార్డుల కబుర్లు రాస్తున్న మా అమ్మాయికి

చిన్నీకి,

ఫోన్లో చెప్తే మధ్యలోనే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. గేమ్ కంపెనీలో చేరగానే హీరో కథ రాయిస్తారనుకున్నావు. వాళ్ళేమో తలుపు దగ్గర కాపలా కాసే గార్డులకు డైలాగులు రాయమన్నారు. "ఎలాగూ రెండు సెకన్లలో కాల్చేస్తారు, వాళ్ళ మాటలు ఎవడు వింటాడమ్మా?" అని నీ బాధ.

నేను విన్నాను. అదీ మీ అమ్మమ్మ వంటింట్లోంచి పిలుస్తుంటే, "ఒక్క నిమిషం, వీళ్ళ గొడవ తేలనీ" అంటూ.

నా పెళ్ళైన కొత్తలో మీ మామయ్య ఒక కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాడు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా దాని ముందే కూర్చునేదాన్ని. అందులో ఉండేది 'ది ఆపరేటివ్: నో వన్ లివ్స్ ఫరెవర్' అనే ఆట. అమెరికాలో మోనోలిత్ ప్రొడక్షన్స్ వాళ్ళు 2000లో చేశారు. కథ 1967లో జరుగుతుంది. కేట్ ఆర్చర్ అని స్కాట్లండ్ అమ్మాయి, పూర్వాశ్రమంలో దొంగ. ఇప్పుడు యూనిటీ అనే రహస్య సంస్థలో గూఢచారి. ఆడపిల్లకి ఈ పనేం చేతనవుతుందని పై ఆఫీసరు సణుగుతూనే ఉంటాడు. అప్పట్లో నేను కొత్తగా ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఆ సణుగుడు నాకు బాగా పరిచయం.

ఆమె సామాన్లు చూస్తేనే నవ్వొస్తుంది. లిప్‌స్టిక్‌లు బాంబులు. జుట్టుకు పెట్టుకునే క్లిప్పుతో తాళాలు తీస్తుంది. కాపలా కుక్కల్ని ఏమార్చడానికి ఒక బొమ్మ కుక్క. శవం ఎవరికీ కనబడకుండా మాయం చేయడానికి పౌడరు! విమానంలోంచి పారాచూట్ లేకుండా కింద పడుతూ, గాల్లోనే శత్రువు దగ్గర పారాచూట్ లాక్కునే ఘట్టం ఒకటుంది. మామయ్య దాన్ని ఇప్పటికీ చేతులు చాపి నటించి చూపిస్తాడు. నడుము పట్టేస్తుందని అత్తయ్య భయం.

కానీ నాకు ఆ ఆట నచ్చింది వీటివల్ల కాదు. విలన్ల ముఠా పేరు హార్మ్. ఇంగ్లీషులో నాలుగు అక్షరాల పొట్టి పేరు. అవి దేనికి పొట్టిపేరో ఆటలో చివరిదాకా ఎవరూ చెప్పరు, ముఠాలో పనిచేసేవాళ్ళకి కూడా తెలియదు. జీతం తీసుకుంటూ కంపెనీ ఏం చేస్తుందో తెలియనివాళ్ళు మా ఆఫీసులోనూ ఉండేవాళ్ళు, అందుకేనేమో ఆ జోకు నాకు వెంటనే తగిలింది. అలాంటి ముఠాలో గోడ పక్కన ఇద్దరు గార్డులు తుపాకులు భుజాన వేసుకుని నిలబడి మాట్లాడుకుంటుంటారు. ఏం మాట్లాడుకుంటారు? ప్రపంచాన్ని నాశనం చేయడం గురించి కాదు. బీరు తాగడానికీ నేరాలు చేయడానికీ సంబంధం ఉందా లేదా అని ఒకచోట ఇద్దరు వాదించుకుంటారు. ఇద్దరూ నేరస్థులే, ఇద్దరూ ఎంతో సీరియస్‌గా.

చిన్నీ, అసలు కిటుకు అక్కడే ఉంది. వాళ్ళలో ఒక్కడూ మనల్ని నవ్వించాలని చూడడు. కేట్ కూడా జోకరు కాదు, తన పని తాను శ్రద్ధగా చేసుకుపోతుంది. ఎవరి తిక్క వాళ్ళకి ప్రాణం. నువ్వు పంపిన రెండు పేజీల్లో గార్డులు పంచ్ డైలాగులు వేస్తున్నారు. తీసెయ్. కామెడీ చేస్తున్నానని తెలిసినవాడు కాపలా కాయలేడు.

ఇంకో సంగతి. అది తుపాకీ ఆటే అయినా, చాలాచోట్ల చప్పుడు చేయకుండా దాక్కుని వెళ్తేనే మేలు. దాక్కున్నవాడు ఎదురుచూడాలి. ఎదురుచూడటం బోరు. ఆ బోరు కొట్టే సమయాన్ని వాళ్ళు కబుర్లతో నింపారు. మాటలు వింటుంటే ఎవడు ఎక్కడున్నాడో, ఎటు తిరిగాడో కూడా తెలుస్తుంది. అంటే ఆ డైలాగులు అలంకారం కాదు, ఆటకి పనికొచ్చే సరుకు. మీ టీమ్‌లో ఎవరైనా వాటిని తగ్గించమంటే ఈ మాట చెప్పు. పాపం మాట్లాడుకున్నంతసేపూ మాట్లాడుకుని వాళ్ళు విడిపోయి నడుస్తుంటే, ఇప్పుడు వీణ్ణి కాల్చాలా అని చెయ్యి వెనకాడేది. మామయ్య మాత్రం కాల్చేసేవాడు.

రెండో భాగం 2002లో వచ్చింది. నిన్ను కనడానికి వచ్చి పుట్టింట్లో ఉన్నప్పుడు ఆడాను. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో సుడిగాలి వచ్చి రేకుల ఇంటిని ఎత్తుకుపోతుంటే, దాని లోపల నింజాతో కొట్లాట. కడుపుతో ఉన్నదానివి ఆ అరుపులేమిటని అమ్మమ్మ తిట్టింది. అందులో కలకత్తా కూడా ఉంది. ముఖానికి తెల్లరంగు పూసుకున్న ఫ్రెంచి మూకాభినయ కళాకారులు అక్కడ విలన్లు! వాళ్ళ రాజు ఒంటిచక్రం సైకిల్ మీద పారిపోతుంటే వెనకాల మనం మూడు చక్రాల సైకిల్ మీద. పిచ్చి ఊహే, నేను పడీ పడీ నవ్వాను. అయితే ఆ కలకత్తాలో ఊరు తక్కువ, పోస్టుకార్డు ఎక్కువ. వేరే దేశం గార్డుని రాయాల్సి వస్తే నువ్వలా చేయకు, ముందు వాడు మధ్యాహ్నం ఏం తింటాడో కనుక్కో.

ఆడి చూస్తానంటావు. ఇప్పుడు కొందామంటే ఏ దుకాణంలోనూ దొరకదు. మోనోలిత్‌ని 2004లో సినిమాల కంపెనీ వార్నర్ వాళ్ళు కొన్నారు. ఆటని అమ్మిన ఫాక్స్ ఇంటరాక్టివ్ వివెండి అనే కంపెనీకి పోయింది, ఆ వివెండి గేమ్స్ 2008లో యాక్టివిజన్ అనే ఇంకో ఆటల కంపెనీలో కలిసింది. హక్కుల్లో ఏ ముక్క ఎవరిదో తేలదు. పాత ఆటల్ని మళ్ళీ బతికించే నైట్‌డైవ్ స్టూడియోస్ వాళ్ళు 2014 ప్రాంతంలో ఎంతో తిరిగారు, ఎవరూ కలిసిరాలేదు, చివరికి వదిలేశారు. 2025లో వార్నర్ వాళ్ళు మోనోలిత్‌నే మూసేశారు. దాయాదుల తగాదాలో పడ్డ ఇల్లులాగా తాళం వేసి ఉంది. ఎంత కోపమొస్తుందో నాకు! మామయ్య దగ్గర డిస్క్ ఉండాలి, సంక్రాంతికి వచ్చినప్పుడు అడుగు. దాన్ని పెట్టడానికి డ్రైవు ఉన్న కంప్యూటర్ ఎక్కడైనా దొరుకుతుందేమో నువ్వే చూసుకోవాలి.

నీ గార్డుల్లో ఆ పొట్టివాడికి చెల్లెలి పెళ్ళి పెట్టు. సెలవు అడగాలి, కానీ విలన్ ప్రపంచాన్ని పేల్చే ముహూర్తం, పెళ్ళి ముహూర్తం ఒకే రోజు పడ్డాయి. రెండోవాడు వాడికి సెలవు చీటీ ఎలా రాయాలో చెప్తుంటాడు. రాసి శనివారం లోపు పంపు, మామయ్యకి చదివి వినిపిస్తాను. ఊరికే పప్పుచారుతో సరిపెట్టుకోకుండా సరిగ్గా తిను.

ఉంటాను,
అమ్మ