రాక్ అండ్ రోల్ ఒక్క ఎల్విస్‌తో పుట్టలేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా వాళ్ల రాక్ అండ్ రోల్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. మన పత్రికల్లో ఇలాంటివి కనిపించడమే అరుదు కాబట్టి సంతోషమే. కానీ 1954లో మెంఫిస్‌లో తెల్లజాతి గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాట రికార్డు చేసిన రోజే ఆ సంగీతం పుట్టిందన్నట్టు రాశారు. పేజీ నిండా ఉన్న ఆ వ్యాసంలో నల్లజాతి గాయకుల పేరు ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లు సంగీతం టీచరుగా చేసి రిటైరైనదాన్ని, చూసి ఊరుకోలేకపోయాను.

ఆ రోజు ప్రెస్లీ పాడిన 'దట్స్ ఆల్ రైట్' అప్పటికే పాత పాట. మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రుడప్ 1946లోనే దాన్ని రికార్డు చేశాడు. ప్రెస్లీ ఈ సంగతి దాచలేదు. నల్లవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇలాగే పాడుతున్నారని, చిన్నప్పుడు క్రుడప్ పాట విన్నానని 1956లో ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. పాపం క్రుడప్ మాత్రం తనకు రావలసిన రాయల్టీలో చాలా భాగం చూడకుండానే 1974లో పోయాడు. 'హౌండ్ డాగ్' సంగతీ అంతే. ప్రెస్లీ కంటే మూడేళ్ల ముందే, 1953లో, నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ గొంతులో అది పెద్ద హిట్. దానికి తనకు ముట్టింది 500 డాలర్లేనని ఆవిడ చెప్పుకునేది. ఆ పాట రాసింది మాత్రం ఇద్దరు తెల్ల కుర్రాళ్లు. అంటే 'వీళ్లది వాళ్లు ఎత్తుకుపోయారు' అని ఒక్క ముక్కలో తేల్చేసే కథ కూడా కాదిది.

మా అమ్మాయి వాళ్లు ఒహాయోలో ఉంటారు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనకు వెళ్లినప్పుడు, కచేరీల మధ్య ఖాళీ దొరికితే ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న రాక్ అండ్ రోల్ మ్యూజియం కూడా చూసొచ్చాను. పొద్దున పంచరత్న కీర్తనలు, మధ్యాహ్నం ఎలక్ట్రిక్ గిటార్లు! మా అల్లుడు ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ మ్యూజియం ఆ ఊళ్లో ఉండటానికి ఒక కారణం అలన్ ఫ్రీడ్. అక్కడి రేడియోలో నల్లవాళ్ల రికార్డులు వేస్తూ, 'రాక్ అండ్ రోల్' అనే పేరును జనం నోట నానేలా చేసింది ఆయనే. 1952 మార్చి 21న ఆయన పెట్టిన డాన్స్ కార్యక్రమానికి, పదివేల మంది పట్టే హాలు దగ్గరకు దాదాపు రెట్టింపు జనం వచ్చిపడ్డారు. పోలీసులు మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. అవే పాటలను తెల్ల గాయకులు మళ్లీ పాడి వదులుతుంటే, నాకు అసలు రికార్డులే కావాలని పట్టుబట్టిన మనిషి ఫ్రీడ్. అదే మనిషి 1955లో నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ తొలి హిట్ 'మేబెలిన్' రికార్డు మీద సహ రచయితగా తన పేరూ వేయించుకున్నాడు. అందులో ఆయన ఒక్క అక్షరం రాయలేదు. పాట రేడియోలో మోగాలంటే డీజేకి వాటా ముట్టాలి, అదీ లెక్క. ఆ పాట పూర్తిగా బెర్రీ పేరు మీదకు రావడానికి 1986 దాకా పట్టింది. మంచివాడా చెడ్డవాడా అంటే ఏం చెప్పను?

మీ వ్యాసం 'యువతను ఊపేసింది' అని ఒక్క వాక్యంతో దాటేసిన విషయం ఇంకొకటి ఉంది. అప్పట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలా హాళ్లలో నల్లవాళ్లను ఒకవైపు, తెల్లవాళ్లను ఒకవైపు ఉంచి మధ్యలో తాడు కట్టేవారు. పాట ఊపందుకున్నాక కుర్రకారు ఆ తాడు దాటి కలిసి ఆడేవారని ఆనాటి గాయకులు చెప్పుకున్నారు. పెద్దలకు భయం పట్టుకుంది అక్కడే. 1956 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ మీద కొందరు తెల్లవాళ్లు వేదిక మీదే దాడి చేశారు. ఆయన పాడేవి మెత్తటి ప్రేమ పాటలు, రాక్ అండ్ రోల్ కూడా కాదు! తాడు తెగింది చట్టాలతో, ఉద్యమాలతోనే. పాటతోనే అంతా అయిపోయిందని నేననను. కానీ 1964లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ప్రేక్షకులను విడదీస్తే పాడేది లేదని ఇంగ్లండ్ బృందం బీటిల్స్ తెగేసి చెప్పే రోజు వచ్చిందంటే, ఆ కుర్రకారు పాత్ర కొంచెమైనా లేకపోలేదు.

మన దగ్గర పల్లెపాటను సినిమాలోకి తెచ్చుకుని, టైటిల్స్‌లో 'జానపదం' అని రాసేస్తే సరిపోతుందనుకునే అలవాటు తెలిసిందే. పాట ఎవరి నోట విన్నారో వాళ్ల పేరు వేయడానికి పెద్ద ఖర్చేం కాదు. మీరూ అదే పని చేయకండి అని చెప్పడానికే ఈ ఉత్తరం.

వీలుంటే రెండో భాగం వేయండి. నల్లజాతి గాయని సిస్టర్ రోసెట్టా థార్ప్ దగ్గర మొదలుపెట్టమని నా మనవి. 1940లలోనే చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటారు వాయించిన మనిషి. ఆ మ్యూజియం వాళ్ల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ప్రెస్లీ 1986లో, మొదటి ఏడే చేరితే, ఈవిడ వంతు 2018లో వచ్చింది. అప్పటికి ఆవిడ పోయి 45 ఏళ్లు. ఫొటో వేస్తే మాత్రం గిటారు చేతిలో ఉన్నదే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజమండ్రి