పాత ఫోటోలు, దస్త్రాల నిధి: జమా ఖర్చుల వివరణ

ఇళ్ళలోని పాత ఫోటోలు, పాత దస్త్రాలు స్కాన్ చేసి భద్రపరచడానికి వేసుకున్న ఈ నిధి చందాదారులందరికీ నమస్కారం. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ వోచరు మీద ఎంత పోయింది అన్న పూర్తి పట్టికను, రశీదు పుస్తకాలను సర్వసభ్య సమావేశంలో మీ ముందుంచాం. కోశాధికారి దగ్గర వాటిని ఎప్పుడైనా చూడవచ్చు. ఏ పద్దుకు ఎంత వంతు పోయిందో, ఎందుకు పోయిందో ఇక్కడ చెబుతున్నాం. సులువుగా అర్థం కావడానికి మొత్తం జమను వందగా తీసుకున్నాం.

జమలో 64 వంతులు సభ్యుల చందాలు, 34 విరాళాలు, 2 బ్యాంకు వడ్డీ. ఖర్చు 89 వంతులు, నిల్వ 11.

అన్నిటికన్నా పెద్ద పద్దు వివరాల సేకరణ, 31 వంతులు. ఫోటోల పనిలో స్కానింగ్ కన్నా దీనికి ఎక్కువ ఎందుకైందని కొందరు అడిగారు. ఫోటోలో ఉన్నదెవరో చెప్పగలిగే పెద్దలు ఇప్పుడే ఉన్నారు. స్కానింగ్ వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు, పేర్లు అప్పటికి దొరకవు. ఇళ్ళకు వెళ్ళి అడిగి రాసుకొచ్చిన యువకులకు ఇచ్చిన భృతి ఈ పద్దులోదే. గ్రూప్ ఫోటో నకలు మీద పల్చటి కాగితం పరిచి, ఒక్కో ముఖానికి అంకె వేసి, ఆ అంకె పక్కన పేరు, చుట్టరికం, చెప్పినవారెవరో రాయించాం. ఒక బడి ఫోటోలో చివరి వరుసలో నిలబడ్డ పిల్లవాడికి ఇద్దరు పెద్దలు రెండు వేర్వేరు పేర్లు చెప్పారు. రెండూ రిజిస్టరులో ఉన్నాయి. ఏది నిజమో తేల్చే హక్కు కమిటీకి లేదు.

కవర్లు, పెట్టెలకు 24 వంతులు. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లు చాలా చవక, కానీ కాలం గడిచేకొద్దీ వాటిలోంచి ఆమ్లం వెలువడుతుంది, ఫోటో వాటికి అతుక్కుపోతుంది. అందుకే పాలియెస్టర్ కవర్లు, ఆమ్లం లేని కాగితపు పెట్టెలు కొన్నాం. ఎసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ ఫిల్ము నెగటివ్‌లు కొన్ని వెనిగర్ వాసన వేస్తున్నాయి. అది ఫిల్ము చెడుతోందనడానికి గుర్తు, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. వాటిని విడిగా మరో పెట్టెలో ఉంచాం.

స్కానింగ్‌కు 19, హార్డ్ డిస్కులకు 12. అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించి, నాణ్యత తగ్గకుండా, కుదించని టిఫ్ రకం బొమ్మ ఫైళ్ళుగా దాచాం. 4×6 అంగుళాల రంగుల ఫోటో ఒక్కటే సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. డిస్కుల ఖర్చు అందుకే పెరిగింది. కుదించి దాచే జేపెగ్ రకం ఫైలు చిన్నదే, కానీ మార్చి దాచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. కాబట్టి అది పంచుకోవడానికే. ప్రతి ఫైలుకూ మూడు నకళ్ళు ఉన్నాయి, వాటిలో ఒకటి వేరే భవనంలో ఉంది.

రిజిస్టర్లు, పెన్సిళ్ళు, రాకపోకలకు 3 వంతులు. ఫోటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తోనే రాశాం. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు గీతలా తేలుతుంది.

లామినేషన్‌కు, పటాలు కట్టించడానికి, పాత ఫోటోలకు రంగులు వేయించడానికి ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. లామినేషన్ చేసిన ఫోటోను మళ్ళీ మామూలుగా చేయలేం. సావనీరు అచ్చు వేయాలన్న కోరిక మంచిదే, అయితే దానికి విడిగా చందా వేసుకుందాం. మన దగ్గరే ఉంచుకోమని ఇంటివాళ్ళు రాసిచ్చినవి తప్ప అసలు ఫోటోలన్నీ తిరిగి ఇచ్చేశాం. సంతకంతో అనుమతి రాని ఫోటోలు ఎక్కడా చూపించం.

నిల్వ ఉన్న 11 వంతుల్లో సగం, ఆగిపోయే డిస్కుల స్థానంలో కొత్తవి కొనడానికి కేటాయించాలనీ, మిగతా సగంతో చెమ్మ పట్టిన పాత జమా పుస్తకాలు, హాజరు పట్టీల స్కానింగ్ మొదలుపెట్టాలనీ కమిటీ ప్రతిపాదిస్తోంది. పాత పుస్తకాల్లోని గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తున్నాయి, వాటిని తీయడం ఇప్పటికే మొదలైంది. లెక్కలను కమిటీలో లేని ఇద్దరు సభ్యులు తనిఖీ చేసి సంతకాలు చేశారు. అభ్యంతరాలుంటే వోచరు నంబరు వేసి రాసి ఇవ్వండి, వచ్చే సమావేశంలో చదివి జవాబిస్తాం.